కోర్టుకు పోయే పైసలు ఎవరి చేతుల మీదుగా పోతున్నయి?

(బీరంగూడ సభలో మాట్లాడిన మాటల పాఠం)



పొద్దంతా కంపెనీల డ్యూటీ చేసి వచ్చి కూచున్నరు. కొందరు మళ్ళ నైటు షిఫ్టుకు పోవాలె. అందుకే తిప్పి తిప్పి చెప్పం.

మన బస్తీల్లో కోర్టు మెట్లు ఎక్కని ఇల్లు తక్కువ. ఒకరిది అసైన్డు భూమి కేసు. ఒకరిది మిషన్ల చెయ్యి పోతే పరిహారం కేసు. ఇంకొకరిది కులం పేరుతో తిడితే పెట్టిన అట్రాసిటీ కేసు. ఈ మధ్య ఒక అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఏ కోర్టో, ఏ వకీలో చెప్పం, ఆమె కేసు ఇంకా నడుస్తున్నది. తీర్పు నకలు కావాలంటే వకీలు 3 వేలు అడిగిండట. "లోపల ఇయ్యాల్నమ్మా, నాకేం మిగలదు" అన్నడట. చెవుల కమ్మలు కుదువ పెట్టి ఇచ్చింది. రసీదు లేదు. అందులో స్టాంపులకు పోయిందెంత, జేబుల్లకు పోయిందెంత, ఆమెకు ఇప్పటికీ తెల్వదు.

ఇక్కడొక సంగతి చూడాలె. ఆ అమ్మకు కోర్టులో అటెండరు తెల్వదు, బెంచి క్లర్కు తెల్వదు, జడ్జి పేరు తెల్వదు. తెలిసిన మనిషి వకీలు ఒక్కడే. లంచం తిన్నోని మొఖం ఆమె చూడలే. చాచిన వకీలు చెయ్యి చూసింది. పేదోని పైసలు కోర్టు లోపలికి పోయే తొవ్వ అదే. కోర్టులు చెడిపోయినయని బార్ రూముల్లో చాయ్ తాగుతూ మాట్లాడే వకీళ్ళను మేము అడిగేది ఒకటే: ఆ పైసలు మోసింది ఎవరు?

పెద్దోళ్ళ సంగతి వేరు. 2012 మేలో హైదరాబాదులో సీబీఐ కోర్టు ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దనరెడ్డికి బెయిలిచ్చింది. అది కోట్ల రూపాయలతో కొన్న బెయిలని ఆరోపణ వచ్చింది. నెల తిరగకముందే హైకోర్టు ఆ జడ్జిని సస్పెండు చేసింది. జూన్‌లో ఏసీబీ అరెస్టు చేసింది. దేశమంతా పేపర్లలో వచ్చింది. కమ్మలు కుదువ పెట్టిన అమ్మ సంగతి ఏ పేపర్లో వస్తది?

అందరు వకీళ్ళనూ ఒకే గాటన కట్టం. మన పిల్లలే నల్లకోటు వేసుకుని సంగారెడ్డికి పోతున్నరు. మామూలు ఇయ్యకపోతే కాగితంలో ఏదో తప్పు పట్టి ఫైలు వాపసు చేస్తరని వాళ్ళే చెప్తరు. సీనియర్ ఆఫీసులో దళిత జూనియర్‌కు కుర్చీ దొరకడమే కష్టం, ఇక ఎదురు తిరగడం ఎట్ల? ఒక్కడు తిరిగితే ఒక్కడే బలి అయితడు. బార్ అసోసియేషన్ ఉన్నది అందుకే కదా! ప్రత్యేక హైకోర్టు కోసం తెలంగాణ వకీళ్ళు కోర్టులు బహిష్కరించిన్రు. న్యాయమైన కొట్లాట. 2019 జనవరి 1న హైకోర్టు వచ్చింది. నకలుకు ఇంత, సమన్లకు ఇంత అని కోర్టు గేటు కాడ పెద్ద అక్షరాల బోర్డు పెట్టించనీకె ఆ కొట్లాటలో పదో వంతు చేసినా చాలు.

ఆలస్యం కూడా లంచానికి తోబుట్టువే. పేషీ మీద పేషీ పడితే ప్రతి తారీఖుకూ ఒక రేటు పుడతది. మన పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. 2001లో హైకోర్టుకు దిగింది. అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కు పోయి 2017లో తీర్పు వచ్చింది. ఆ కేసు పుట్టిన్నాడు నక్కవాగు నీళ్ళు చూసి ఏడ్చిన రైతులు ఎంతమంది బతికుండి ఆ తీర్పు విన్నరు?

వకీలు తలచుకుంటే ఏమైతదో కూడా మనం చూసినం. 1985 జూలై 17న కారంచేడులో మనోళ్ళను నరికినప్పుడు బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. ఆ కొలువు వదిలేసి బాధితుల దిక్కు వచ్చిండు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని చంపిన్రు. కోర్టు మా ఊర్లోనే పెట్టాలె, మాకు నమ్మకమున్న వకీలే ప్రాసిక్యూటరు కావాలె అని అక్కడి జనం పట్టుబట్టిన్రు. ఎందుకు? కోర్టు దూరమైన కొద్దీ సాక్షుల బేరం సులువైతది. కేసు నడిపే వకీలే అవతలోని మనిషైతే ఇక బేరం కూడా అక్కర్లేదు. ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టిన్రు, బి. చంద్రశేఖర్ ప్రాసిక్యూటర్‌గా నిలబడ్డడు. అన్నేండ్ల తర్వాత కూడా సాక్షులు వచ్చి చెప్పిన్రు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అది మనకు మింగుడు పడలే, కేసు సుప్రీంకోర్టుకు పోయింది.

చుండూరోళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది ఇయ్యాల మీకు రూల్సులో ఉన్నది. అట్రాసిటీ చట్టం 1995 రూల్సులో 4(5) చూడండి. నమ్మకమున్న సీనియర్ వకీలును పెట్టమని బాధితులు కలెక్టరును అడగవచ్చు. నిందితుని బెయిలు మీద వాదన జరిగేటప్పుడు మీ మాట కూడా వినాలె, అది 15ఏ సెక్షన్. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, ఫ్యాక్టరీ కార్మికులకు న్యాయ సేవల సంస్థ ఉచితంగా వకీలును ఇయ్యాలె, ఆదాయం ఎంతని అడగొద్దు. ఉచితమని పెట్టిన వకీలు కూడా చెయ్యి చాపితే ఆ సంస్థకే కాగితం రాయండి.

వకీలు మోసం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు ఇయ్యవచ్చు. ఏడాదిలో తేల్చకపోతే అది భారత బార్ కౌన్సిల్‌కు పోతది. లంచం ఇచ్చుడు కూడా 2018 నుంచి నేరమే. కాని బలవంతం మీద ఇచ్చినోళ్ళు 7 రోజుల్లోపల పోలీసులకో ఏసీబీకో చెప్తే వాళ్ళ మీద కేసు ఉండదు. ఏసీబీ ఫోను 1064. మధ్యల ఉండి పైసలు మోసినోనికీ ఆ చట్టంలో జైలున్నది. వకీళ్ళు ఈ ముక్క మీకు చెప్పరు, మేము చెప్తున్నం.

కేసు కాగితాలు తెచ్చుకున్నోళ్ళు లేచి పోకండి. మన వకీళ్ళు ఇద్దరు ఇక్కడనే కూచుంటరు. వకీలుకు ఎంత ఇచ్చిన్రో, దేనికని ఇచ్చిన్రో, ఏ తారీఖున ఇచ్చిన్రో గుర్తున్నంత రాయించండి. రసీదు లేకపోయినా రాయించండి. ముందు ఆడోళ్ళను రానియ్యండి, చంటిపిల్లలున్నరు.