పిట్టకు పాట ఎక్కడినుంచి వస్తుంది



కోయిల గుడ్డును కాకి పొదుగుతుందని మనందరికీ తెలుసు. పిల్ల కళ్లు తెరిచింది మొదలు వినేది కాకి అరుపే. అయినా పెద్దయ్యాక కూసేది కోయిల కూతే. దానికి గురువు అక్కర్లేదు. ఇవాళ నేను చెప్పబోయేది గురువు లేకపోతే పాట రాని పిట్ట గురించి. పేరు జీబ్రా ఫించ్. సొంతవూరు ఆస్ట్రేలియా. పక్షులమ్మే కొట్లలో మీరూ చూసే ఉంటారు: పిచ్చుక కన్నా చిన్నది, ఎర్రముక్కుది.

ఇందులో పాడేది మగదే. మూడు, నాలుగు వారాల వయసు నుంచి తండ్రి పాట వింటుంది. తరవాత తనూ గొణగడం మొదలుపెడుతుంది. సుమారు 90 రోజులకు పాట కుదురుతుంది, ఇక జన్మంతా అదే. అసలు పాటే వినిపించకుండా పెంచితే ఏదో పాడుతుంది కానీ, అందులో ఆ జాతి పాట పోలిక సరిగా ఉండదు.

మరి ఆడపిట్ట ఎందుకు పాడదు? అదే గూట్లో అదే పాట వింటుంది కదా! 1976లో ఫెర్నాండో నాటెబామ్, ఆర్థర్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ పిట్టల మెదళ్లు కోసి చూశారు. పాటను నడిపే భాగాలు మగదాంట్లో ఎన్నో రెట్లు పెద్దవి. వెన్నెముక ఉన్న జంతువుల మెదడులో ఆడా మగా తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించడం అప్పటికి కొత్త.

ఇదంతా హార్మోన్ల పనే అనుకున్నారు. 1980లో గర్నీ, కొనిషి అనే పరిశోధకులు అప్పుడే పుట్టిన ఆడ పిట్టపిల్లలకు ఈస్ట్రోజన్ ఇచ్చారు. అవును, మనం ఆడ హార్మోను అనే ఈస్ట్రోజనే! దాంతో మెదడులో పాట భాగాలు మగవాటి తీరున పెరిగాయి. పెద్దయ్యాక మగ హార్మోను కూడా ఇస్తే అవి పాడాయి. లెక్క తేలిపోయిందనిపించింది.

తేలలేదు. గుడ్డులో ఉండగానే ఈస్ట్రోజన్ తయారవకుండా మందుతో ఆపితే, జన్యువుల రీత్యా ఆడవైన పిల్లల్లో వృషణాలు పెరుగుతాయి. 1996లో జూలీ వేడ్, ఆర్నాల్డ్ అలాంటి పిల్లల మెదళ్లు చూస్తే పాట భాగాలు ఆడవాటిలాగే ఉన్నాయి. ఒంట్లో వృషణాలున్నా మెదడు మగతీరుకు మారలేదు.

ఇక 2003లో ఆర్నాల్డ్ బృందం వర్ణించిన పిట్ట సంగతి. నాకు ఈ కథంతటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే. అది అర్ధనారీశ్వరుడే: కుడిసగం మగ ఈకలు, ఎడమసగం ఆడ ఈకలు. లోపల కుడివైపు వృషణం, ఎడమవైపు అండాశయం. మగదానిలా పాడేది కూడా. రెండు సగాలకూ అందే రక్తం ఒక్కటే, అందులోని హార్మోన్లూ అవే. హార్మోన్లే సర్వమూ అయితే మెదడు రెండువైపులా సమానంగా ఉండాలి. కానీ కుడివైపు పాట భాగమే పెద్దది. అంటే ఆ కణాల్లోని జన్యువులే అక్కడికక్కడ పనిచేశాయి. అలాగని హార్మోన్లను కొట్టిపారేయలేం. ఎడమసగం కూడా మామూలు ఆడపిట్టను మించి మగతీరుగా ఉంది. జన్యువులు, హార్మోన్లు రెండింటి చెయ్యీ ఇందులో ఉంది.

నేర్చుకోవడంలోనూ అంతే. అమెరికా చిత్తడినేలల్లో ఉండే స్వాంప్ స్పారో మగపిల్లలకు వృషణాలు తీసేసినా పాట వింటాయి, గుర్తుంచుకుంటాయి, సాధన చేస్తాయి. కానీ ఆ పాట కుదురుకోదు. టెస్టోస్టెరాన్ ఇస్తే కుదురుతుంది.

జన్యువుల వైపు ఫాక్స్‌పీ2 అని ఒకటుంది. లండన్‌లో ఒక కుటుంబంలో తరతరాలుగా మాట సరిగా రాకపోవడానికి కారణం అందులోని లోపమేనని 2001లో బయటపడింది. 2007లో జర్మనీ పరిశోధకులు జీబ్రా ఫించ్ పిల్లల మెదడులో, పాట నేర్చే చోట, ఆ జన్యువు పనిని తగ్గించి చూశారు. పిల్లలు గురువు పాటను తప్పులతో, కొన్ని స్వరాలు వదిలేసి పాడాయి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. మనం పంజరంలో సులువుగా పెరిగే పిట్టనే ఎక్కువగా చదివాం. పాడడం మగపిట్టల వ్యవహారమనే నమ్మకం అలా కూడా బలపడింది. 2014లో 323 జాతుల పాటపక్షుల సమాచారం పోగుచేసి చూస్తే, 71 శాతం జాతుల్లో ఆడవీ పాడుతున్నాయి. వాటి పూర్వీకుల్లోనూ ఆడవి పాడేవని ఆ లెక్క సూచిస్తోంది. కాబట్టి జీబ్రా ఫించ్ ఆడపిట్ట తన పాటను ఎలా పోగొట్టుకుందన్నది ఇప్పుడు తేలాల్సిన సంగతి.

ఇక మీరు అడగండి.