సైనిక ట్రక్కు మోసే బరువు

(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్ల పండుగలో మాట్లాడుటకు పండితులు అనేకులుండగా ఒక డ్రైవరును పిలిచినందుకు కృతజ్ఞుణ్ణి. నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో ట్రక్కు నడిపి, 2001లో పదవీ విరమణ చేశాను. కనుక నాకు తెలిసినదే చెబుతాను.

మన ధర్మపురి ప్రక్కగా పోయే జాతీయ రహదారికి పూర్వం 7వ సంఖ్య ఉండేది. 2010లో సంఖ్యలు మార్చినప్పుడు అది 44లో భాగమైంది. కన్యాకుమారి నుండి వచ్చి, తొప్పూరు కనుమ దాటి మన ఊరు చేరే ఈ దారి కృష్ణగిరి, హోసూరు, అనంతపురం, కర్నూలు, హైదరాబాదు మీదుగా శ్రీనగర్ వరకు పోతుంది. అక్కడి నుండి లేహ్ వైపు తిరిగితే, 11,500 అడుగులకు పైన జోజిలా కనుమ. నా సర్వీసులో ఎక్కువ భాగం ఆ కొండలలోనే గడిచింది.

1962 యుద్ధంలో కొండలపై దారులు చాలక, ఎదుట నిలిచిన జవానుకు వెచ్చని దుస్తులు, తూటాలు తగినన్ని అందలేదు. నాటి నుండి దారికీ బండికీ ఉన్న విలువ దేశానికి బాగా తెలిసింది. నేను మొదట నడిపినది శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ సంస్థతో ఒప్పందం చేసుకొని 1959 నుండి 1996 వరకు జబల్పూరులో దానిని తయారుచేశారు. సర్వీసు చివరి ఏండ్లలో స్టాలియన్ నడిపాను. దానిని రూపొందించిన అశోక్ లేలాండ్ వారికి 1980 నుండి మన హోసూరులో కర్మాగారం ఉంది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడేవరకు హోసూరు మన జిల్లాలోనిదే గదా! ఆ బండి మంచి రోడ్డుపై ఏడున్నర టన్నులు, దారిలేని చోట అయిదు టన్నులు మోస్తుంది. ఇంజను శక్తి ముందు, వెనుక చక్రాలన్నిటికీ అందుతుంది గనుక బురదలోను, మంచులోను కొన్ని జారినా తక్కినవి బండిని లాగుతాయి. రాత్రివేళ దీపాలార్పి పోవలసివస్తే, ముందు బండి వెనుక ఇరుసుపై తెల్లరంగు మీద పడే చిన్న వెలుగే మాకు దారి చూపేది.

ఇక బరువు సంగతి. బియ్యం, గోధుమపిండి, పప్పు, కిరోసిన్, మందులు, మంచు దుస్తులు, గుడారాలు, మందుగుండు. మంచు దారి మూయకముందే చలికాలానికంతా సరిపడునట్లు పైకి చేర్చాలి. సియాచిన్ వైపు ట్రక్కు పోగలిగినది స్థావర శిబిరం వరకే. ఆపైన హెలికాప్టర్లు, మనుషుల భుజాలు. క్రిందికి వచ్చేటప్పుడు ఏమి తెస్తారని ఎవరూ అడుగరు. సెలవుపై పోయేవారిని, జబ్బుపడినవారిని, ఖాళీ డబ్బాలను తెస్తాము. ఒక్కొక్కప్పుడు జాతీయ పతాకం కప్పిన పెట్టెను తెస్తాము. ఆనాడు బండిలో ఎవరూ మాట్లాడరు.

ఒక సంగతి నేనింతవరకు ఎవరితోను చెప్పలేదు. 1990 అక్టోబరు చివరివారం. బండి నింపి, టార్పాలిన్ బిగించిన తరువాత ఒక తపాలా సంచి తెచ్చారు. పది కిలోలైనా ఉండదు. తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుట ఆ చలిలో అరగంట పని. “తరువాతి వరుసలో వస్తుందిలే” అని వదలి వెళ్ళాను. ఇరుకు దారి గనుక ఒకనాడు ఎక్కే బండ్లకు, మరునాడు దిగే బండ్లకు వంతు. మూడవనాడు మంచు పడింది. మూడు వారాలు దారి మూతపడింది.

దారి తెరచిన తరువాత ఆ సంచిని నేనే తీసుకొనిపోయాను. ఆ శిబిరంలో హోసూరు ప్రాంతపు జవాను ఒకడుండేవాడు. ఇంట మాట్లాడేది తెలుగే అయినా అతనికి తెలుగు చదువురాదు. ఇంటి నుండి ఉత్తరం వస్తే, “అన్నా, చదివి పెట్టు” అని నా వద్దకే వచ్చేవాడు. ఆనాడూ వచ్చాడు. తండ్రికి ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే బయలుదేరమని అతని మేనమామ వ్రాశాడు. ఉత్తరం సకాలంలో అంది ఉంటే, మరునాటి దిగే వరుసలోనే అతడు పోయి ఉండేవాడు. అతడు ఇల్లు చేరేసరికి కర్మలు కూడా ముగిసినవి. సంచిని వదలినది నేనని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. ఈ పాఠశాల నేర్పిన అక్షరాలతో నా తప్పును నేనే అతనికి చదివి వినిపించాను.

ఆ తరువాత పదకొండేండ్లు తపాలా సంచిని నా సీటు ప్రక్కనే పెట్టుకొని నడిపాను. ఏ బరువు ముఖ్యమైనదో డ్రైవరుకు తెలియదు; ఎదురుచూచేవానికే తెలుస్తుంది.

బిడ్డలారా, మీలో కొందరు బండ్లు నడుపుతారు, కొందరు వాటిని తయారుచేస్తారు, కొందరు దస్త్రాలు మోస్తారు. మీ చేతికిచ్చిన దానిని చిన్నదని వదలకండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏ భాషలో ఏమి చదివినా సరే, ఇంటి నుండి వచ్చిన ఉత్తరాన్ని తానే చదువుకోగలవాణ్ణి చేయండి.