మన పిల్లలు – వ్యాసరచన
(సంఘ పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు వ్యాసం వ్రాయడం ఎలా నేర్పాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము వృత్తిరీత్యా ఉపాధ్యాయులం కాము. అయినా మా సంఘంలో పిల్లలకు సాయంకాలపు చదువు చెప్పే పని కొన్నేళ్లుగా చేస్తున్నాము. అందులో మేము చేసిన పొరపాట్లు, నేర్చుకొన్న సంగతులు మీ ముందుంచుతాము.

ఒకనాడు ఏడవ తరగతి పిల్లలను 'మా ఊరు' మీద వ్యాసం వ్రాయమన్నాము. ఇరవైమంది వ్రాశారు. ఇరవై వ్యాసాల్లోనూ గలగల పారే ఏరుంది, పచ్చని పైరుంది, ఊరివారంతా అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ఉన్నారు. మా ఊళ్లో ఏరు లేదు. వేసవి వస్తే ఆ పిల్లలే బిందెలతో బోరింగు దగ్గర వరుసలో నిలుచుంటారు. అందరూ గైడులోని ఊరిని వ్రాశారే గాని తమ ఊరిని ఒక్కరూ వ్రాయలేదు. తప్పులు తక్కువగా ఉన్నాయని మేమూ మంచి మార్కులే వేశాము. ఆ రాత్రి ఆ మార్కులే మమ్మును నిద్రపోనియ్యలేదు.

వ్యాసం అనే మాటలోనే దారి ఉంది. సమాసమంటే కుదించి చెప్పడం. వ్యాసమంటే విడదీసి విస్తరించి చెప్పడం. తెలుగులో 1862లో అచ్చయిన 'హితసూచని'లో సామినేని ముద్దునరసింహం నాయుడుగారు తమ రచనలను ప్రమేయములన్నారు. తర్వాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఉపన్యాసములన్నారు. పేరు ఏదైనా, వారికి చెప్పవలసిన సంగతి ఉంది, వినవలసిన జనం ఎదుట ఉన్నారు. మన పిల్లలకు మనం ఈ రెండూ ఇవ్వకుండా, కాగితం మాత్రం ఇస్తున్నాము.

అందుచేత మేము విషయం ఇవ్వడం మాని ప్రశ్న ఇచ్చాము. 'నీరు' అనలేదు, 'మన వీధి బోరింగు వేసవిలో ఎందుకు ఎండిపోతున్నది? దానివల్ల ఎవరికి కష్టం?' అన్నాము. ముందుగా ఒక్క వాక్యంలో జవాబు. తర్వాత తోచిన సంగతులు చిన్న చిన్న చీటీల మీద, చీటీకి ఒకటి చొప్పున. వాటిని నేల మీద పరిచి, ఒక జాతివి ఒక కుప్పగా చేర్చడం. ఒక్కొక్క కుప్ప ఒక్కొక్క పేరా. ఏ కుప్పలోనూ ఇమడని చీటీని తీసివేయడం.

ఒక అమ్మాయి చీటీల్లో 'మా అమ్మ మంచిది' అని ఉంది. ఇది ఇక్కడ పనికిరాదు, తీసెయ్యమ్మా అన్నాము. "అయ్యగారూ, నీళ్ల కోసం అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేస్తుంది, అందుకని పెట్టాను" అన్నది. అయితే ఆ మాటే వ్రాయమన్నాము. అదే ఆమె వ్యాసానికి మొదటి పేరా అయింది. తీసివేసే ముందు ఎందుకు పెట్టావని అడగాలని ఆనాడు మాకు తెలిసింది.

రెండవ పొరపాటు కూడా చెప్పాలి. పద్ధతి బాగుందని నల్లబల్ల మీద ఒక అచ్చు గీసి ఇచ్చాము: ఆరంభం, మూడు పేరాలు, ముగింపు. నెల తిరక్కుండా అందరి వ్యాసాల్లోనూ 'మొదటిది, రెండవది, చివరగా' అనే మాటలే! గైడు పోయి మేమే గైడయ్యాము. వేదాంత కళాశాలలో మాకూ ప్రసంగానికి మూడు అంశాలుండాలని నేర్పారు. రెండే అంశాలున్న వాక్యభాగంలో మూడవదాన్ని వెదకి తెచ్చిన రోజులు మాకూ ఉన్నాయి.

వరుస అనేది చదివేవాని కోసం. లూకా సంగతులను వరుసగా వ్రాయదలచానని చెబుతూనే, ఎవరికి వ్రాస్తున్నాడో ఆ థెయొఫిలా పేరు కూడా చెప్పాడు. మేమూ ప్రతి పిల్లవానిచేత ముందుగా చదువరి పేరు వ్రాయించాము: అవ్వ, సర్పంచిగారు, ఆరవ తరగతి తమ్ముడు. వ్యాసం చదివి వినిపించాక, విన్నవారు ఆ సంగతులను తిరిగి వరుసగా చెప్పగలిగితే వ్యాసం నిలిచినట్టే. చెప్పలేకపోతే ఏ పేరా దగ్గర తడబడ్డారో ఆ ఒక్క పేరా తిరిగి వ్రాయాలి. ఎర్రసిరాతో అక్షరదోషాలు దిద్దడం ఆ తరువాతి పని.

ఆ అమ్మాయి చదవడం రాని తన తల్లికి వినిపించింది. ఆమె అంతా విని, "ఒకటి మరిచావే. పైవీధివాళ్లు లోతు బోర్లు వేయించాకనే మన బోరింగులో నీళ్లు దిగిపోయాయి" అన్నదట. మరునాడు వ్యాసంలో ఇంకొక పేరా చేరింది. అన్నిటికంటే గట్టి పేరా అదే.

మన తాతల తరంలో ఎందరో తమ కష్టం వేరొకరిచేత అర్జీగా వ్రాయించుకొని, అందులో ఏముందో తెలియకుండానే క్రింద వేలిముద్ర వేశారు. వారి మనుమలు నేడు సంతకం చేస్తున్నారు. ఆ సంతకం గైడు మాటల క్రింద చేస్తే వేలిముద్రకూ దానికీ తేడా ఏమిటి? కలం సొంతమైనా మాట ఎరువుదే కదా!

కాబట్టి ఈ వారం మీ తరగతిలో ఒక్క ప్రశ్న ఇవ్వండి. చదువరి ఎవరో పిల్లలనే చెప్పమనండి. వ్రాసినది మార్కులు వేయడానికి ముందు ఎవరికైనా చదివి వినిపించనివ్వండి.