విద్యుత్ స్కూటరు కంట్రోలరునకు జలరక్షణము



ఈ వార్షిక మహాసభయందు విద్యావిషయమై ప్రసంగింపుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. సంస్కృతోపాధ్యాయుడు గనుక రఘువంశమునో మేఘసందేశమునో చెప్పునని మీ రనుకొని యుందురు. మేము నేడు విద్యుత్ స్కూటరును గూర్చి చెప్పబూనితిమి. ఉద్యోగము విరమించిన పిదప మా యొద్దకు వచ్చిపోవు పూర్వశిష్యులలో ననేకులు మెకానికు షెడ్లవారే. వర్షములు మొదలుకాగానే వారు చెప్పుకొను మాట యొక్కటియే: "మాస్టారూ, కంట్రోలరులో నీరు దిగినది." పాలు పోయుటకును, కొబ్బరి బేరమునకును, పిల్లలను బడికి జేర్చుటకును మన కుటుంబములు పెక్కులు ఈ బండ్లనే నమ్ముకొని యున్నవి. బండి నాలుగు దినములు నిలిచిన నాలుగు దినముల సంపాదన నిలిచినట్లే. కావున నిదియు విద్యావిషయమే యని మా యభిప్రాయము.

కంట్రోలరనగా నేమి? బాటరీ యిచ్చునది ఏకముఖముగా ప్రవహించు విద్యుత్తు. చక్రములోని మోటారునకు వలసినది మూడు తీగెలలో వంతులవారీగా మారుచుండు విద్యుత్తు. ఆ మార్పును సెకనునకు వేలసారులు జరుపు అల్యూమినియపు పెట్టెయే కంట్రోలరు. దీనిని నియంత్రకమని పిలువవచ్చును గాని షెడ్డులో నా మాట పలికినచో నెవరును పలుకరు. ఈ పెట్టెనుండి రెండు జాతుల తీగెలు వెలువడును. బాటరీకి బోవు ఎఱుపు నలుపు తీగెలును, మోటారునకు బోవు పసుపు, ఆకుపచ్చ, నీలపు తీగెలును దళసరివి. గ్రిప్పునకు, బ్రేకునకు, మోటారులోని హాల్ సెన్సారులకు బోవునవి సన్నవి. దళసరి తీగెలకు వేడిమి శత్రువు. సన్నతీగెలకు తేమ శత్రువు.

తేమ సంగతి ముందుగా చూతము. గ్రిప్పు త్రిప్పినకొలది యొక చిన్న సంకేతము ఒక వోల్టు ప్రాంతమునుండి నాలుగు వోల్టుల ప్రాంతమువరకు పెరుగును. దాని ప్రక్కనే అయిదు వోల్టుల తీగె యుండును. కనెక్టరులో ఈ రెంటినడుమ ఉప్పుచెమ్మ పొరవలె నిలిచినచో, గ్రిప్పు త్రిప్పకయే త్రిప్పినట్లు కంట్రోలరు భ్రమపడవచ్చును. నిలిపియుంచిన బండి తనంతట కదలును. ముందు పిల్లవానిని నిలువబెట్టి, తాళము తీయకయే పొరుగువారితో ముచ్చటించు తండ్రులను మేము నిత్యము చూచుచున్నాము. ఇక హాల్ సెన్సారు తీగెలు తడిసినచో మోటారు గుంజుకొని వణకునేగాని సాగదు.

కొత్తపేటవైపు వారికన్న రాజోలు, సఖినేటిపల్లి ప్రాంతములవారికి ఈ బాధ యధికము. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము కలదు. నరసాపురము రేవునకు పంటుమీద బండి దాటించువారును, అంతర్వేది గాలిలో బండి నిలుపువారును ఆ యుప్పును కొంతకొంతగా నింటికి తెచ్చుకొనుచున్నారు. నీరు ఆరును గాని యుప్పు ఆరదు. అది గాలిలోని తేమను మరల మరల పీల్చుకొని, రాగిని పచ్చని చిలుముగా మార్చును.

"మా బండికి ఐ.పి. 67 కలదు, భయము లేదు" అని కొందరు చెప్పుదురు. ఆ యంకెల యర్థము వినుడు. ఆరనగా ధూళి చొరదని. ఏడనగా ఒక మీటరు లోతు నీట ముప్పది నిమిషములు ముంచినను హానికరముగా నీరు చొరదని. ఆ పరీక్ష మంచినీటితో, క్రొత్త వస్తువుపై జరుపుదురు. పెట్టె కున్న యోగ్యత పెట్టె వెలుపలనున్న కనెక్టరులకు రాదు. మఱియొక సంగతి: మునుగుటకు తట్టుకొన్నది, పిచికారి ధాటికి తట్టుకొనునని నియమము లేదు. వాటరు సర్వీసింగు పేర కంట్రోలరుమీద నేరుగా ధార విడుచుట మేము సమ్మతింపము.

నీరు లోనికెట్లు బోవునో తెలిసిననే రక్షణము తెలియును. ఈ పెట్టె ప్రాణాయామము చేయును. బండి నడచునప్పుడు పెట్టె వేడెక్కి, ముప్పది డిగ్రీలనుండి డెబ్బదికి జేరినచో లోని గాలి యెనిమిదవ వంతు వ్యాకోచించి సందులగుండ వెలుపలికి బోవును, అది రేచకము. అంతలో జడివాన పడి పెట్టె చల్లారగానే లోన శూన్యమేర్పడి, అదే సందున గాలితోబాటు నీటిని లోనికి లాగును, అది పూరకము. తీగె తొడుగులోపల పోగులనడుమ సన్నని సందులు కలవు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు అవియు నీటిని పీల్చును. అందువలన మూత చుట్టు సీలు వేసి, తీగెల కొనలను విడిచిన ప్రయోజనము లేదు. పాలిథిను సంచిలో మూటగట్టుట మఱియు హానికరము. వేడి బయటికి పోదు, లోని చెమట యారదు.

మన పెద్దలు తాటాకు ఇండ్లకు చూరు విడుచుట యెందులకు? కప్పుమీది నీరు గోడకు జారక, చూరు కొనను బొట్లుగా పడుటకు. తీగెకును అట్టి చూరు కావలెను. పైనుండి నేరుగా కంట్రోలరులోనికి దిగిన తీగె వాననీటిని త్రోవ చూపి లోనికి గొనిపోవును. అదే తీగెను ముందు కొంత క్రిందికి జారవిడిచి, మరల పైకెత్తి కనెక్టరులో చేర్చినచో నీరు ఆ వంపునొద్దనే రాలిపోవును. దీనికి కానీ ఖర్చు లేదు. కంట్రోలరును కాళ్లబల్లక్రింద గాక, వీలైనంత యెత్తున, తీగెలు క్రిందుమొగముగా నుండునట్లు బిగింపవలెను. దానిని కప్పు ప్లాస్టికు డబ్బాకు అడుగున చిన్న రంధ్రము విడువవలెను; నీరు రాకుండుట యెంత ముఖ్యమో వచ్చినది పోవుటయు నంత ముఖ్యము. అల్యూమినియపు పెట్టెకు మాత్రము రంధ్రము చేయరాదు. వారంటీలోనున్న బండి పనిని కంపెనీవారికే విడుచుట మేలు.

సన్నతీగెల కనెక్టరులలో డైఎలెక్ట్రిక్ గ్రీజు పూయుడు. సిలికోను వాడుచో పుల్లని వాసన వచ్చు రకము వలదు. దాని యామ్లము రాగిని తినును. న్యూట్రల్ అని వ్రాసినదానిని కొనుడు. నల్లటేపు ఎండకు జిగురు కారి యూడును. లోపల జిగురు గల హీట్ ష్రింకు గొట్టమే తగినది.

ఇక దళసరి తీగెలు. బిగువులేని యతుకులో ఓములో నూరవ వంతు నిరోధమున్న చాలును. ఏబది ఆంపియరులు ప్రవహించునప్పుడు ఆ యొక్క బిందువున 25 వాట్ల వేడి పుట్టును. చిన్న టంకపు ఇస్త్రీ వేడి అంతియే. అందుచే తీగెలను మెలిపెట్టి టేపు చుట్టుట పని గాదు. సరియైన లగ్గును సరియైన పనిముట్టుతో నొక్కవలెను. బాటరీకి సమీపముననే ఫ్యూజు ఉండవలెను. 72 వోల్టుల లిథియము బాటరీ నిండినప్పుడు 84 వోల్టులవరకు నుండును. బాటరీని విడదీసిన పిదపకూడ కంట్రోలరులోని కెపాసిటరులలో విద్యుత్తు కొంతసేపు నిలుచును, తొందరపడి ముట్టరాదు.

వరదలమాట చెప్పక మన సీమలో నీ ప్రసంగము తీరదు. 2022 జూలైలో ధవళేశ్వరమునొద్ద 25 లక్షల క్యూసెక్కులు మించిన ప్రవాహమును మనము చూచితిమి. కనకాయలంక, ఎదురుబిడియము కాజ్‌వేలు మునుగుట మనకు క్రొత్త గాదు. మునిగిన బండిని వెంటనే తాళము త్రిప్పి చూడరాదు, ఛార్జింగు పెట్టరాదు. కంట్రోలరు పాడైనచో ధనము పోవును. బాటరీ పాడైనచో నిల్లు పోవును. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుఫాను ముంచినప్పుడు, ఉప్పునీట మునిగిన విద్యుద్వాహనములు కొన్ని దినములు గడచిన పిదప అంటుకొన్నవి. అదే సంవత్సరము ఏప్రిలులో విజయవాడయందు ఇంటిలో ఛార్జింగు పెట్టిన స్కూటరు బాటరీ పేలి యొక గృహస్థు మరణించెను. అది వరదవలన గాదు. అయినను బాటరీ యింటిలో నేమి చేయగలదో తెలుపును. తడిసిన బండిని పాకకును, కొబ్బరి డొక్కల రాశికిని దూరముగా బయలున నిలిపి, తెలిసినవానిని పిలిపింపుడు.

ఆ తెలిసినవా రెందరున్నారు? పోషకమహాశయులకు మా విన్నప మిదియే. మెకానికు పనిలోనున్న మన బాలురకు తెలివి కొదవ లేదు, పనిముట్లు కొదవ. లగ్గులు నొక్కు క్రింపింగు శ్రావణము, ఇన్సులేషను పరీక్షించు మెగ్గరు, మంచి మల్టీమీటరు, వేడిగాలి గన్ను: ఒక్కొక్క షెడ్డువాడు వీనినన్నిటిని కొనజాలడు. ఈ సభామంటపపు తోరణములకు, దీపములకు వెచ్చించిన దానిలో కొంత మిగిల్చినను ఒక జత సమకూరునని మాకు తోచుచున్నది. అమలాపురమున నొక బీరువాలో వాని నుంచి, గ్రామములనుండి వచ్చినవారికి రశీదుపై నిచ్చి, వానలకు ముందొక ఆదివారము వారినందరిని గూర్చి పని చూపింపవచ్చును. ఆ బీరువా తాళపుచెవియు, రశీదు పుస్తకమును మా యొద్ద నుంచుకొనుటకు మేము సిద్ధముగా నున్నాము.