రైలు అను మాట



పండుగ సభలో ఏదైన తేలిక విషయము మాటాడుమని కార్యదర్శిగారు కోరినారు. రైలు జీతముతో బ్రతుకు మనకు రైలుకంటె తేలిక విషయమేమున్నదని ఒప్పుకొంటిని. మాటను విప్పి చూచినపుడు గాని దాని బరువు తెలియలేదు.

ముందుగా మనము కూర్చున్న చోటి పేరు చెప్పుదును. సదర్ బజారులోని 'సదర్' అరబ్బీ మాట. రొమ్మని మొదటి అర్థము. దానినుండి ముఖ్యమైనది, పైనున్నది అను అర్థములు వచ్చినవి. మన ఆఫీసు కాగితములలో 'సదరు ఉద్యోగి' అని వ్రాయుదుము గదా, ఆ సదరు దీని తోబుట్టువే. పైన చెప్పబడినవాడని భావము.

ఇక రైలు. లాటినులో 'రెగులా' యనగా తిన్నని కఱ్ఱ, కొలబద్ద. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరి 'రైల్' అయినది. రూలు, రెగ్యులరు అను మాటలదీ ఆ యిల్లే. బడిలో మన వ్రేళ్లమీద పడిన రూళ్లకఱ్ఱకును, మన పొట్ట నింపుచున్న రైలుకును ఇంత దగ్గఱి చుట్టఱిక మున్నదని ఆనాడెవరు చెప్పిరి! తిన్ననిదను అర్థముగల సంస్కృత 'ఋజు' శబ్దమును కూడ భాషాశాస్త్రజ్ఞులు ఈ కుటుంబముననే చేర్చుదురు.

ఇంగ్లీషువారికి మొదట రైలనగా కంచెకు కట్టిన అడ్డకఱ్ఱ. తరువాత గనులలో గుఱ్ఱములు లాగు బండ్లకై పఱచిన కొయ్యపట్టె. ఆపై ఇనుము, ఉక్కు వచ్చినవి. ఆవిరి యంత్రము పుట్టకమున్నే రైలు ఉన్నదన్నమాట. తిట్టుట యను అర్థముగల మఱియొక 'రైల్' గలదు. నీటికోడి జాతి పక్షికిని అదే పేరు. ఆ రెండింటికిని దీనితో బంధుత్వము లేదు, రూపసామ్యము మాత్రమే.

మనము చేసిన పని విచిత్రమైనది. ఇంగ్లీషువాడు క్రింది ఇనుమును రైలనినాడు. మనము పైనబోవు బండిని రైలనినాము. క్రిందిదానికి పట్టా యను పేరుంచినాము. హిందీవారును అంతే. పండితులు ధూమశకట మనిరి, పల్లెవారు పొగబండి యనిరి; కరెంటు ఇంజనులు వచ్చి పొగ పోగా ఆ పేర్లును పొగవెంటనే పోయినవి. ఇది తప్పని నేననను. కాని ఒక తెల్లవారుజామున ఈ మాట మా యింటివారిని వణికించినది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మనవారి నెందఱినో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఈ వైపునకు తెచ్చినది. ఆ త్రోవనే వచ్చిన కుటుంబము మాది. మా తండ్రిగారు ఒక చిన్న స్టేషనులో మాస్టరు. చలికి ఉక్కు ముడుచుకొని పట్టాలు విఱుగు కాలమది. శ్రీకాకుళమునుండి క్రొత్తగా చేరిన గ్యాంగుమను పరుగున వచ్చి, "బాబూ, రైలు ఇరిగిపోనాది" అన్నాడు.

"ఏ రైలు? గూడ్సా?"

"గూడ్సు కాదు బాబూ, రైలు!"

"ఎక్కడ ఆగినది?"

"ఆగనేదు, ఇరిగినాది!"

శిక్షణలో పట్టాకు రైలని పేరు నేర్పిరి. అతడు శ్రద్ధగా నేర్చుకొన్నాడు. మా తండ్రిగారు తెలుగు చెవితో విన్నారు. తుదకతడు రెండు అఱచేతులు దగ్గఱగా పట్టి నడుమ సందు చూపగా ఆయన ఫోను మీదికి దూకినారు. అప్పటికే ప్రక్క స్టేషనునుండి గూడ్సు బయలుదేరినది.

దానిని ఆపినది ఫోను కాదు. విఱిగినచోట నిలిచిన రెండవ గ్యాంగుమను నియమము తప్పక 600 మీటర్ల దూరమున ఒక పటాకాను, 1200 మీటర్ల దూరమున మూడింటిని పట్టాపై బిగించి, ఎఱ్ఱదీపము చేతబట్టి నిలిచినాడు. పటాకాలకు భాషాభేదము లేదు. డ్రైవరు వినినాడు, ఆపినాడు.

పరుగెత్తి వచ్చినవానిని మా తండ్రిగా రొక్క మాటయు అనలేదు. తేనీరు త్రాగించి పంపినారు. ఉద్యోగము విరమించిన తరువాత గూడ ఆయన 'రైలు' అని పలుకగా నేను వినలేదు. బండి యనెడివారు, లేదా పట్టా యనెడివారు.