డబ్బు పడలేదా? ఆధార్ ఏ ఖాతాకు ఉందో చూడండి



అన్నదాత సుఖీభవ - పీఎం కిసాన్ కింద ఏడాదికి 20,000 రూపాయలు. కేంద్రం వాటా 6,000, రాష్ట్రం వాటా 14,000. 2025 ఆగస్టు 2న తొలి విడత 7,000, నవంబరు 19న మరో 7,000 విడుదలయ్యాయి.

"జాబితాలో పేరుంది సార్, డబ్బే పడలేదు" అంటారా? మీరిచ్చిన బ్యాంకు పుస్తకం చూసి ఈ డబ్బు వేయరు. ఆధార్‌కు చివరగా ఏ ఖాతా జోడించారో అందులోకే పోతుంది. మన దగ్గర బెంగళూరుకు పనికి పోయేవాళ్లు ఎక్కువ కదా. అక్కడ జీతం కోసం తెరిచిన ఖాతాకు ఆధార్ జోడించి ఉంటే, ఇక్కడ ఎన్నిసార్లు పుస్తకం ప్రింట్ వేయించినా కనపడదు. ఆ ఖాతా మూతపడి ఉంటే డబ్బు వెనక్కి పోతుంది.

ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే బ్యాంకు పేరు వస్తుంది. మార్చాలంటే మీకు కావాల్సిన బ్యాంకుకే పోయి, "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఈ ఖాతాకు చేయండి" అని రాసివ్వండి. ఉత్త 'ఆధార్ లింక్' అని అడిగి వచ్చేయొద్దు, అది వేరే పని. దీనికి దళారీ అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

అప్పటికీ తేలకపోతే రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా 155251కు ఫోన్ చేయండి.