పొరుగు దేశంలో కాపురం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. మెట్రిక్కు దాకా చదువుకొని, రైల్వే ఆఫీసులో ఫైళ్ళు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పంపుకొంటూ కాలక్షేపం చేస్తున్నవాళ్ళము. కార్యదర్శిగారు మాత్రం, "ఏటేటా పండితులే మాట్లాడుతున్నారు, ఈసారి సంసారులు మాట్లాడాలి" అని పట్టుబట్టారు. సంసారం సంగతైతే నాలుగు ముక్కలు చెప్పగలమని ఒప్పుకొన్నాము. "మేము, మేము" అంటున్నామంటే అది గొప్పకు కాదు. మా అమ్మ, మా ఇంటావిడ, మా అమ్మాయి, మేము, ఈ నలుగురి తరఫునా మాట్లాడుతున్నాము గనుక అలా అంటున్నాము. అసలు చెప్పబోయే సంగతి కూడా వాళ్ళదే.

మాది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. కొబ్బరితోటలూ, జీడితోటలూ ఉన్న ప్రాంతం. మా నాన్నగారు రైల్వేలో పనిచేస్తూనే కాలం చేశారు. ఆ కుటుంబానికి ఆధారంగా మాకు ఇచ్చిన ఉద్యోగం ఖుర్దారోడ్డులో వచ్చింది. 2015లో ఒక ట్రంకుపెట్టె, రెండు బొంతలు, ఒక రుబ్బురోలు, చంకలో ఏడాది పిల్ల, ఇంతటి సామానుతో ఇక్కడ దిగాము. మొదట కింది తరగతి పనిలో చేరి, తరువాత శాఖాపరీక్ష రాసి గుమాస్తా అయ్యాము.

ప్రయాణం ఎంతని? ఇచ్ఛాపురంలో బండి ఎక్కితే మూడు నాలుగు గంటలు. దారిలో చిలికా సరస్సు కనబడుతుంది, పిల్లలు కిటికీ వదలరు. ఈ దారి మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టుకోస్టు రైలుమార్గాన్ని 1893కూ 1896కూ మధ్య వేశారు. 1897లో ఖుర్దారోడ్డు నుంచి పూరీకి బండి నడిచింది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిషా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఇచ్ఛాపురమూ బరంపురమూ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనే ఉండేవి. మా తాతగారికి బరంపురం వెళ్ళడమంటే సంతకు వెళ్ళడమే. దాన్ని పరదేశమని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

అయినా ఒక మాట నిజం. రైలు మమ్మల్ని నాలుగు గంటల్లో ఇక్కడ దింపింది. మా అమ్మ మాత్రం ఇక్కడ దిగడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ కథే ఇప్పుడు మనవి చేస్తాము.

దేశం మారితే మగవాడికి అంత బాధ లేదు. ఆఫీసుకు వెళ్తే అక్కడ అవే రిజిస్టర్లు, అవే ఫారాలు. హిందీ ముక్క ఒకటి, ఇంగ్లీషు ముక్క ఒకటి కలిపి రోజు గడిపేయవచ్చు. పిల్లలకు బడి ఉంటుంది. ఏ భాషైనా వాళ్ళు ఆటల్లో నేర్చేసుకొంటారు. దేశం మారిందని నిజంగా తెలిసేది ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు. కూరలబండివాడితో, పాలవాడితో, కొళాయి దగ్గరి అమ్మలక్కలతో వాళ్ళు రోజూ మాట్లాడాలి. అక్కడ ఫారాలు పనికిరావు.

వచ్చిన కొత్తలో పక్క క్వార్టరులోని ఒడియా ఇల్లాలు డాబా మీద ఏదో ఎండబెడుతూ "బడి" అన్నది. డాబా మీద బడి ఏమిటా అని మా ఇంటావిడ పైకి వెళ్ళి చూస్తే, అవి మన వడియాలు! వాళ్ళ పిల్లలు మా అమ్మను "జేజేమా" అని పిలిచారు. ఒడియాలో నాయనమ్మను అలాగే అంటారు. అమ్మకు ఆ సంగతి తెలియదు. జేజి అంటే మనకు దేవుడు గదా! పిల్లలు ఎక్కడో దేవుణ్ణి చూపిస్తున్నారనుకొని చేతులు జోడించి నాలుగు దిక్కులకూ దండం పెట్టింది.

ఇవి నవ్వుకొనే సంగతులు. నవ్వు రానిది ఒకటి జరిగింది. ఒకనాడు పక్కింటామె తల పట్టుకొని, నొప్పిగా ఉన్నదని అమ్మతో చెప్పబోయింది. తలను ఒడియాలో ఏమంటారో ఇక్కడున్న మీకందరికీ తెలుసు. ఆడదాన్ని, అందులోనూ భర్త పోయిన ఆడదాన్ని, మనవైపు ఏ మాటతో తిడతారో అదే మాట. పండగపూట ఆ మాట మేము అనము. అమ్మ ఒక్క ముక్క మాట్లాడకుండా లోపలికి వచ్చేసింది. సాయంత్రం మేము వచ్చేసరికి మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉన్నది. "నన్ను ఊరికి పంపించేయండి నాయనా, ఈ వయసులో మాటలు పడలేను" అన్నది. మేము అర్థం వివరించి చెప్పాము. ఆమె నమ్మింది గాని, ఆ మాట మాత్రం తన నాలుక మీదికి రానివ్వనని ఒట్టు పెట్టుకొన్నది. ఆ మాట మీద కోపంతో మొత్తం భాషనే గుమ్మం బయట నిలబెట్టింది.

2019 మే 3న ఫొని తుఫాను వచ్చింది. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, కొళాయిలు ఎండిపోయాయి. పొయ్యి సరిగ్గా వెలగని ఆ రోజుల్లో పక్కింటామె ఒక కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టిన పఖాళ. పైనున్న నీళ్ళు గ్లాసులోకి వంచి "తొరాణి" అన్నది. అమ్మ ముఖం చూడవలసింది! "తరవాణా? మా తరవాణే!" అని గ్లాసు అందుకొన్నది. మా చిన్నతనంలో పొలానికి వెళ్ళేముందు తాతగారు తాగిన తరవాణి అది. ఆ పూట వాళ్ళిద్దరూ ఒకరు తెలుగులోనూ, ఒకరు ఒడియాలోనూ గంటసేపు మాట్లాడుకొన్నారు. ఎవరికి ఎంత అర్థమయిందో ఆ జగన్నాథస్వామికే తెలియాలి.

ఇక కాపురం కుదుటపడిందనుకొన్నాము. మా అమ్మాయి ఒడియా పిల్లలతో సమానంగా ఒడియా మాట్లాడుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నది. "మా పిల్లకు రెండు భాషలూ వచ్చు" అని ఊరికి ఫోను చేసినప్పుడల్లా చెప్పుకొని మురిసిపోయాము. ఆ మురిపెం ఎంత గుల్లదో 2022లో, ఉగాదికి మూడు రోజుల ముందు తెలిసింది.

మార్చి ఆఖరు. ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు, తల ఎత్తడానికి లేదు. మా ఇంటావిడ వేపపువ్వుకూ, కొత్త చింతపండుకూ, బెల్లానికీ బజారుకు వెళ్ళింది. ఇంట్లో అమ్మ, ఎనిమిదేళ్ళ మనవరాలు. అమ్మకు చక్కెర జబ్బు ఉన్నది. ఆనాడు ఒక్కపొద్దు ఉండి కూడా అలవాటు కొద్దీ మాత్ర వేసుకొన్నది. మధ్యాహ్నం తిరిగేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. గోడకు ఆనుకొని కూలబడి, "శోష వస్తున్నదే తల్లీ, పక్కింటివాళ్ళను పిలువు" అన్నది.

పిల్ల పరుగున వెళ్ళింది. "మా జేజేమాకు శోష" అని చెప్పింది. ఒడియాలో శోష అంటే దాహం. ఆ ఇల్లాలు వెంటనే చెంబుతో నీళ్ళు తెచ్చింది. పాపం, అమ్మ రెండు గుక్కలు తాగి కళ్ళు మూసుకొన్నది. దాహం తీరి నిద్రపోతున్నదనుకొని, పిల్లను పక్కన కూర్చోబెట్టి, ఆమె తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్ల విసనకర్రతో విసురుతూ కూర్చున్నది. మధ్యమధ్య "నాయనమ్మా, ఇంకా శోషగా ఉందా? నీళ్ళు ఇవ్వనా?" అని అడుగుతున్నది. అమ్మకు జవాబు చెప్పే ఓపిక లేదు.

దైవవశాన మా ఇంటావిడ త్వరగా తిరిగి వచ్చింది. తాకి చూస్తే ఒళ్ళు చల్లగా ఉన్నది. ఇంకా మింగే తెలివి ఉన్నది గనుక పచ్చడికోసం తెచ్చిన బెల్లాన్నే నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పట్టింది. పక్కింటివాళ్ళే ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చారు. ఒంట్లో చక్కెర బాగా పడిపోయిందనీ, ఇంకొంత ఆలస్యమైతే స్పృహ పోయేదనీ డాక్టరుగారు చెప్పారు. మేము ఆసుపత్రికి చేరేసరికి అమ్మ కళ్ళు తెరిచింది. పిల్ల మాత్రం మూలన నిలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నది.

"నాన్నా, నాయనమ్మ శోష అనే చెప్పింది. నేనూ శోష అనే చెప్పాను. నేను తప్పు చెప్పలేదు" అన్నది.

నిజమే. పిల్ల తప్పు చెప్పలేదు. నీళ్ళు తెచ్చిన ఇల్లాలిదీ తప్పు కాదు. మరి తప్పెవరిది? ఆ రాత్రి ఆసుపత్రి బల్ల మీద కూర్చొని మేము లెక్క వేసుకొన్నాము. మా పిల్లకు వచ్చునని మేము చెప్పుకొంటున్న తెలుగు ఏమిటి? "లే, పళ్ళు తోము, తిను, చదువు, అల్లరి చెయ్యకు, పడుకో." పొద్దుటినుంచి రాత్రిదాకా మా ఇంట్లో పిల్ల వింటున్న తెలుగు అంతే. ఆజ్ఞలు వేసే తెలుగు. శోష అన్న మాట దాని చెవిన పడే సందర్భమే మేము కల్పించలేదు. నొప్పి మనకు ఒక్కటేనా? తలకు పోటు, పంటికి సలుపు, కాళ్ళకు పీకులు, కంటికి మంట, చేతికి తిమ్మిరి, గుండెకు దడ. ఇవన్నీ పెద్దవాళ్ళ పక్కన పడుకొని, వాళ్ళ కాళ్ళు పిసుకుతూ, కథలు వింటూ నేర్చుకొనే మాటలు. మేము పిల్లను నాయనమ్మ పక్కనుంచి లేపి, వేరే గదిలో ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టాము.

అమ్మ కూడా తన తప్పు తాను ఒప్పుకొన్నది. "ఏడేళ్ళు ఇక్కడి నీళ్ళు తాగాను. కళ్ళు తిరుగుతున్నాయని పక్కింటి మనిషికి నేనే చెప్పుకోలేకపోయాను. ఎనిమిదేళ్ళ పిల్ల మీద వేశాను ఆ బరువు" అన్నది.

ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకం కొన్నాము. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా. రాత్రి భోజనాలయ్యాక నాయనమ్మా మనవరాలూ దాని ముందు కూర్చొంటారు. నాయనమ్మ ఒక తెలుగు మాట చెప్పి, దాని వెనుక ఒక కథ చెబుతుంది. మనవరాలు దానికి ఒడియా మాట చెబుతుంది. పిల్ల తెలుగు అక్షరాలు పట్టుకొన్నది. అమ్మ ఒడియా అక్షరాలు చూసి, "మన అక్షరానికి తలకట్టు, వీళ్ళ అక్షరానికి గొడుగు, అంతే తేడా" అని తేల్చింది. ఆ పుస్తకంలో మొదటి పేజీ మొదటి వరుసలో ఏమున్నదో చెప్పమంటారా? ఎడమవైపు "శోష". కుడివైపు "ముండ బులాఉచి", అనగా తల తిరుగుతున్నదని. పండగపూట అనమన్న మాట అననే అన్నాము, క్షమించాలి. నాలుక మీదికి రానివ్వనని ఒట్టు పెట్టుకొన్న మా అమ్మే ఆ వరుసను పదిసార్లు బిగ్గరగా చదివి కంఠతా పట్టింది. ఆనాటికి ఆమె ఖుర్దారోడ్డులో బండి దిగిందని మేము అనుకొంటాము.

ఈ సభలో మన పిల్లలు చక్కగా పద్యాలు చదివారు. విని చాలా సంతోషించాము. ఏడాదికి ఒకనాడు వేదిక మీద పద్యం ఉండవలసిందే. అయితే మిగిలిన రోజుల్లో ఇంట్లో ఏ తెలుగు వినబడుతున్నదో ఎవరికి వారు ఒకసారి విచారించుకోవాలని మా మనవి. సంఘానికి కూడా రెండు విన్నపాలు చేస్తున్నాము. మొదటిది: ఆదివారం ఒక గంట ఈ హాలు తెరిచి, మన ఇళ్ళలోని నాయనమ్మలనూ అమ్మమ్మలనూ తాతలనూ కూర్చోబెట్టి, పిల్లలను వాళ్ళ చుట్టూ వదలండి. పాఠ్యపుస్తకం అక్కరలేదు. రెండవది: ఆ తరువాతి గంటలో మన ఆడవాళ్ళకు ఒడియా నేర్పమని పొరుగు ఇల్లాళ్ళనే పిలవండి. అడిగితే కాదనేవాళ్ళు కారు. ఇంకొకటి ఎవరికి వారే చేసుకోవచ్చు. ఇంట్లోని వృద్ధుల జబ్బులు, వేసుకొనే మాత్రలు, కష్టం వచ్చినప్పుడు చెప్పవలసిన మాటలు రెండు భాషల్లోనూ ఒక కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి. కాగితాలు రాసే గుమాస్తాలము గనుక ఇంతకంటే గొప్ప సలహా మాకు తోచలేదు.

ఇవాళ పొద్దున్నే మా అమ్మ ఉగాది పచ్చడి గిన్నెతో పక్కింటికి వెళ్ళింది. ఏప్రిలు నడిమికి వాళ్ళ పణా సంక్రాంతి వస్తుంది. అప్పుడు వాళ్ళ మారేడుపండు పానకం మా ఇంటికి వస్తుంది. ఈ గిన్నె వెళ్ళడం, ఆ చెంబు రావడం ఆగనంతకాలం ఏ దేశమైనా మన కాపురానికి లోటు లేదు.

 కొత్త సంవత్సరం మన ఇళ్ళలోని పెద్దలకు ఆరోగ్యాన్నీ, పిల్లలకు రెండు భాషల్లోనూ నిండైన మాటనూ ప్రసాదించుగాక. సెలవు.